నెల రోజుల్లో నాలుగేళ్ల సిలబస్

ప్రశ్న: సార్, మాది ఒక జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీ. ఈ ఏడాదే అటానమస్ వచ్చింది. బీఎస్సీ ఆనర్స్ కంప్యూటర్ సైన్స్ సిలబస్ ఇకమీదట మేమే రాసుకోవాలి. హెచ్‌ఓడీని కాబట్టి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి (సిలబస్ ఖరారు చేసే కమిటీ) నన్నే చైర్‌పర్సన్‌ని చేశారు. మీటింగ్‌కి నెల రోజులే ఉంది. ఏడాదికి 60 మంది పిల్లలు, మేం ఐదుగురం లెక్చరర్లం, 30 సిస్టమ్స్ చొప్పున రెండు ల్యాబులు. పిల్లల్లో సగం మంది ఇంటర్‌లో లెక్కలు చదవలేదు. చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మా కరస్పాండెంట్ గారేమో మొదటి ఏడాది నుంచే ఏఐ, బ్లాక్‌చెయిన్ కనపడాలంటున్నారు, లేకపోతే అడ్మిషన్లు రావట. మా సీనియర్ ఒకాయన "పెద్ద యూనివర్సిటీ సిలబస్ ఒకటి డౌన్‌లోడ్ చేసి పేరు మార్చెయ్యమ్మా, ఎవరు చదువుతారు" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక హెచ్‌ఓడీ (పేరు, ఊరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు మీ సీనియర్ గారి సలహా సంగతి తేల్చేద్దాం. ఎందుకంటే ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను.

అప్పట్లో నేను పనిచేసిన కాలేజీలో రెండు రోజుల్లో సిలబస్ పంపమన్నారు. పేరున్న ఒక సంస్థ సిలబస్ తెచ్చుకుని, పైన మా కాలేజీ పేరు పెట్టి, స్పైరల్ బైండింగ్ చేయించి మీటింగ్‌లో పంచాం. బయటి నుంచి వచ్చిన సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ పేజీలు తిప్పుతూ 14వ పేజీ దగ్గర ఆగారు. ఆ పేజీ పైన పాత సంస్థ పేరు అలాగే ఉండిపోయింది. ఆయన ఏమీ అనలేదు. పెన్ను తీసి దాని చుట్టూ ఒక సున్నా చుట్టి, కాగితాన్ని నా వైపు జరిపారు.

పరువు పోవడం ఒక ఎత్తు, అసలు నష్టం ఇంకో ఎత్తు. ఆ సంస్థలో రెండో ఏడాది లెక్కల డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పే ఒక పేపర్లో ఆటోమేటా (కంపైలర్ పాఠానికి పునాది అయిన సిద్ధాంతం) ఉండేది. అది లెక్కల పేపర్ కదా అని మేం తీసేశాం. తర్వాత ఎవరో గుర్తుచేస్తే ఆరో సెమిస్టర్‌లో ఇరికించాం. కంపైలర్ డిజైన్ (రాసిన ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ తయారీ) మాత్రం ఐదో సెమిస్టర్‌లోనే ఉండిపోయింది. పునాది పైన, గోడ కింద. కంపైలర్ చెప్పే మేడమ్ ప్రతి ఏడాదీ మొదటి నాలుగు వారాలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, గ్రామర్లు చెప్పుకుంటూ కూర్చునేవారు. చివరి యూనిట్ ఎప్పుడూ పూర్తి కాలేదు. ఆ చివరి యూనిట్ వదిలేసి చదవమని సీనియర్లు జూనియర్లకు చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. కాపీ కొట్టినప్పుడు పేపర్లు వస్తాయి గానీ, వాటి మధ్య ఉన్న వరస రాదు.

కాబట్టి పేపర్ల పేర్లు రాయడం ఒక వారం వాయిదా వేయండి. ముందు మీ ల్యాబ్‌కి వెళ్లి ఒక చిన్న పరీక్ష చేయండి. రెండో ఏడాది పిల్లల్లో ఎవరినైనా పిలిచి ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడం) ప్రోగ్రామ్ రాయమనండి. అందరి రికార్డులోనూ ఉంటుంది, చూడకుండా రాసేస్తారు. మీ ల్యాబ్‌లో ఇంకా ఆ నీలం తెర టర్బో సీ (డాస్ కాలం నాటి సీ కంపైలర్) నడుస్తోందనే అనుకుంటున్నాను. చాలా కాలేజీల్లో నడుస్తోంది. 64 బిట్ విండోస్ మీద అది నేరుగా తెరుచుకోదని పాత డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ వేసి మరీ బతికిస్తున్నారు. ఐదు ఇవ్వమనండి, 120 వస్తుంది. ఏడు ఇస్తే 5,040. ఇప్పుడు ఎనిమిది ఇవ్వమనండి. 40,320 రావాలి. వచ్చేది మైనస్ 25,216.

పిల్లవాడి మొహం చూడండి. "కంప్యూటర్ తప్పు చేసింది సార్" అంటే ఒక సంగతి. "ప్రోగ్రామ్ తప్పు" అని మళ్లీ మొదటి లైను నుంచి చదవడం మొదలుపెడితే ఇంకో సంగతి. "ఇందులో ఇంట్ (పూర్ణాంకం దాచే చోటు)కి 16 బిట్లే కదా, 32,767 దాటితే తిరగబడుతుంది, 40,320 లోంచి 65,536 తీసేస్తే ఇదే వస్తుంది" అన్నాడంటే ఆ పిల్లవాడికి ఎవరో పాఠం బాగా చెప్పారు. నా అనుభవంలో వంద మందిలో ఇద్దరు ముగ్గురు అలా అంటారు. మిగతావాళ్లు "సార్, రికార్డులో ఐదే ఉంది" అంటారు.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, డిగ్రీ నాలుగేళ్లనూ ఈ ఒక్క ప్రోగ్రామ్ పట్టుకుని కొలవొచ్చు. అదే ప్రోగ్రామ్‌ను లైనక్స్‌లో జీసీసీ అనే సీ కంపైలర్ మీద నడిపితే ఎనిమిదికి సరిగ్గానే వస్తుంది, 12 దాకా వస్తుంది, 13 దగ్గర దెబ్బతింటుంది. 622 కోట్ల పైచిలుకు రావాల్సిన చోట 193 కోట్లు చూపిస్తుంది. ఎందుకు? ఇక్కడ ఇంట్ 32 బిట్లు. ఇది కంప్యూటర్ ఆర్గనైజేషన్ పాఠం. పైథాన్‌లో వంద ఇచ్చినా తప్పు రాదు. ఎలా? పెద్ద అంకెను ముక్కలుగా దాచుకుంటుంది. ఇది డేటా స్ట్రక్చర్స్. మరి అంకెలు పెరిగేకొద్దీ గుణకారం ఎంత నెమ్మదిస్తుంది? ఇది అల్గారిథమ్స్. అదే పైథాన్‌లో రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా) రాసి రెండు వేలు ఇస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. స్టాక్ అంటే ఏమిటో, దానికి హద్దు ఎందుకో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో దొరకదు.

డేటాబేస్ దగ్గరికి వద్దాం. ఒకసారి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లినప్పుడు ఒక బ్యాచ్ వాళ్లు 'స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' ప్రాజెక్ట్ చూపించారు. రంగులు, బొమ్మలు, లాగిన్ పేజీ అన్నీ బాగున్నాయి. విద్యార్థుల లిస్టు తెరిస్తే 30 మందికీ ఒకే ఫోన్ నంబర్: 2147483647. ఫోన్ నంబర్ కాలమ్‌ను ఇంట్ అని పెట్టారు. పాత సెట్టింగులున్న మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, నంబర్ పట్టకపోతే పట్టినంతలో పెద్ద అంకె వేసి ఊరుకునేది. పిల్లలకు అది కనపడలేదు, గైడ్‌గా సంతకం పెట్టిన లెక్చరర్‌కీ కనపడలేదు. మొదటి ఏడాది ఫ్యాక్టోరియల్ దగ్గర నేర్చుకోవాల్సిన ముక్క మూడో ఏడాది ప్రాజెక్ట్ దాకా వచ్చి కూర్చుంది. ఆ ప్రాజెక్ట్‌కి ఎన్ని మార్కులు వేశానో మాత్రం అడక్కండి.

మీరు మొట్టమొదట రాయాల్సింది ఇలాంటివే. మొదటి ఏడాది అయ్యేసరికి పిల్లవాడు ఏం చేసి చూపించాలి, రెండో ఏడాది అయ్యేసరికి ఏం చేయాలి. 'అవగాహన కలుగుతుంది', 'పరిచయం ఏర్పడుతుంది' లాంటి మాటలు వద్దు. చేతితో చేసి చూపించేవే రాయండి. ఏడాదికి పది చాలు. మీరు ఐదుగురూ ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. పేపర్లు వాటిలోంచి వాటంతట అవే పడతాయి.

ఇక లెక్కలు. సిలబస్ మీటింగుల్లో ఎవరూ వేయని లెక్కలు ఇవే.

యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అందులో మేజర్‌కి (ప్రధాన సబ్జెక్ట్, అంటే మీ కంప్యూటర్ సైన్స్‌కి) మూడేళ్లకైతే 60, నాలుగేళ్లకైతే 80. మైనర్, భాషలు, స్కిల్ కోర్సులు, ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది రీసెర్చ్ ప్రాజెక్ట్ ఇవన్నీ దీనికి బయట. మీ రాష్ట్రం సర్క్యులర్‌లో అంకెలు కాస్త అటూఇటూగా ఉంటే దాన్నే పట్టుకోండి, పద్ధతి మారదు. క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం, లేదా రెండు గంటల ల్యాబ్. పేపర్‌కి మూడు గంటల పాఠం, రెండు గంటల ల్యాబ్ పెడితే నాలుగు క్రెడిట్లు. 80ని నాలుగుతో భాగించండి. మీ చేతిలో ఉన్నవి 20 గళ్లు. అంతే. కరస్పాండెంట్ గారి కోరికలైనా, మీ ముచ్చటలైనా, నా సలహాలైనా ఆ 20లోనే పట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. మూడేళ్లకే డిగ్రీ తీసుకుని వెళ్లిపోయే వీలుంది. మీ దగ్గర చాలామంది అలాగే వెళతారు, ఇంట్లో పరిస్థితులు అలాంటివి. అంటే మొదటి 15 పేపర్లతోనే డిగ్రీ నిండుగా ఉండాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌నో నెట్‌వర్క్స్‌నో ఏడో సెమిస్టర్‌లో పెట్టారంటే, మూడేళ్లకు వెళ్లినవాడు సగం వంట తిని లేచిపోయినట్టే. నాలుగో ఏడాది ఐదు పేపర్లూ లోతుకు వెళ్లేవి కావాలి, మిగిలిపోయినవి వేసే చోటు కాకూడదు.

ఇప్పుడు మీ ఐదుగురి సంగతి. పిల్లలు 60 మంది కాబట్టి ల్యాబ్‌కి రెండు బ్యాచులు. ఒక పేపర్‌కి వారానికి పాఠం మూడు గంటలు, ల్యాబ్ నాలుగు గంటలు, మొత్తం ఏడు. 20 పేపర్లు ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సగటున రెండున్నర. నాలుగేళ్ల పిల్లలూ ఒకేసారి ఉంటారు కాబట్టి ఏ సెమిస్టర్‌లోనైనా పది పేపర్లు నడుస్తుంటాయి. అంటే వారానికి 70 గంటలు. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు, ఐదుగురికి 80. మిగిలిన పది గంటల్లో మైనర్ పేపర్లు, స్కిల్ కోర్సులు, ప్రాజెక్ట్ గైడెన్స్, వేరే గ్రూపు పిల్లలకు కంప్యూటర్ పేపర్లు. మీలో ఒకరు మెటర్నిటీ లీవు పెడితే లెక్క అక్కడితో సరి.

ల్యాబులు మాత్రం సరిపోతాయి, వారానికి 40 గంటలే కావాలి, మీకు రెండున్నాయి. కానీ 30 సిస్టమ్స్‌లో పనిచేసేవి ఎన్నో మీకే తెలియాలి. ఉత్తరంలో రాయలేదు.

ఈ లెక్క వేస్తే ఎలెక్టివ్‌ల మీద భ్రమ పోతుంది. సిలబస్ పుస్తకంలో పన్నెండు ఎలెక్టివ్‌లు అచ్చువేసి, ప్రతి ఏడాదీ అందరి చేతా ఒకటే తీసుకునేలా చేసే కాలేజీలు నాకు చాలా తెలుసు. ఆ 'ఛాయిస్' ఎవరిదో అందరికీ తెలుసు. మీరు నిజంగా నడపగలిగినవి రెండు. రెండే పెట్టండి. ఇంకా కావాలన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ ఉంది, ఎన్‌పీటెల్ కోర్సులున్నాయి. వాటి క్రెడిట్లు కలుపుకునే నిబంధన సిలబస్‌లోనే రాసుకోండి. కాకపోతే పిల్లవాణ్ని పోర్టల్‌కి వదిలేయకుండా వారానికో గంట ఎవరైనా కూర్చోవాలి. ఇంగ్లిష్ లెక్చర్ వీడియో చూసి అర్థం చేసుకోవడం తెలుగు మీడియం పిల్లలకు మొదట్లో కష్టం.

కరస్పాండెంట్ గారి దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పుపట్టకండి. సీట్లు నిండకపోతే మీ ఐదుగురి జీతాలు కష్టం, అది ఆయనకు తెలుసు. ఆయనతో వాదన పెట్టుకోవద్దు, ఒక చార్ట్ పేపర్ పట్టుకెళ్లండి. దాని మీద 20 గళ్లు గీసి, ఏ పేపర్‌కి ముందు ఏది రావాలో బాణాలు వేయండి. మెషీన్ లెర్నింగ్ గడిలోకి మూడు బాణాలు వస్తాయి: ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, డేటాతో ప్రోగ్రామ్ రాయగలగడం. బ్లాక్‌చెయిన్‌లోకి హ్యాషింగ్, నెట్‌వర్క్స్ వస్తాయి. బాణాలు వెనక్కి పట్టుకుని వెళ్లమని ఆయన్నే అడగండి. మొదటి ఏడాదిలో ఎందుకు పెట్టలేమో ఆయన వేలికే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా ఆయనకు పనికొస్తుంది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో ఏముండాలో ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంస్థ 1968లో మొదటిసారి ఒక నమూనా ఇచ్చింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లకోసారి మారుస్తూ వస్తున్నారు. ఈమధ్యది 2023ది, ఏసీఎం, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ, ట్రిపుల్ ఏఐ (ఏఐ పరిశోధకుల సంఘం) కలిసి చేశారు. 2013 నమూనాలో 'డిస్‌క్రీట్ స్ట్రక్చర్స్' అని ఉన్న విభాగం 2023లో 'గణిత, గణాంక పునాదులు' అయింది. అంటే ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా కూడా అందులోకి వచ్చి చేరాయి. ఏఐ పెరిగిన కాలంలో వాళ్లు ఏఐతోపాటు లెక్కలూ పెంచారు. అడ్మిషన్ల బ్రోచర్‌లో 'ఏఐకి కావలసిన గణితం మొదటి ఏడాది నుంచే' అని వేసుకోమనండి. అబద్ధం కాదు, బాగానే అమ్ముడవుతుంది.

అయితే ఆ లెక్కలే మీ పిల్లల్లో సగం మందికి గండం. ఇక్కడ తొందరపడకండి. మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్ పెట్టి భయపెట్టే పాత అలవాటు మనకుంది. దాని బదులు డిస్‌క్రీట్ మ్యాథ్స్ పెట్టండి. లాజిక్, సెట్లు, లెక్కించే పద్ధతులు, గ్రాఫులు. దీనికి ఇంటర్ లెక్కలు రాకపోయినా ఫరవాలేదు, ఎంపీసీ వాళ్లకీ చాలావరకు కొత్తే కాబట్టి అందరూ దాదాపు ఒకే గీత మీద నిలబడతారు. మీ ఊరి బస్ రూట్లు గ్రాఫుగా గీయించండి. సీఈసీ నుంచి వచ్చిన అమ్మాయి ఎంపీసీ అబ్బాయి కన్నా ముందు జవాబు చెప్పడం మీరే చూస్తారు. ప్రాబబిలిటీ మూడో సెమిస్టర్, లీనియర్ ఆల్జీబ్రా నాలుగు. రెండూ కాగితం మీద కాదు, ప్రోగ్రామ్ రాస్తూ. లెక్కల డిపార్ట్‌మెంట్‌కి అప్పగించేసి చేతులు దులుపుకోకండి. వాళ్లతో కలిసి రాయండి, టీ మీరే పోయించండి.

మొదటి భాష ఏది అనే గొడవ మీ మీటింగ్‌లో తప్పకుండా వస్తుంది, గంటసేపు తింటుంది. ప్రపంచంలో ఎవరూ తేల్చుకోలేదు. అమెరికాలో ఎంఐటీ వాళ్లు ఎన్నో ఏళ్లు స్కీమ్ భాషతో మొదలుపెట్టి, 2008 ప్రాంతంలో పైథాన్‌కి మారారు. కార్నెగీ మెలన్ వాళ్లు 2011లో మొదటి ఏడాది తప్పనిసరి పేపర్లలోంచి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌నే తీసేశారు. నా మాట అడిగితే మొదటి సెమిస్టర్ పైథాన్, రెండో సెమిస్టర్ సీ. పైథాన్‌తో మొదటి నెలలోనే పిల్లవాడు ఏదో ఒకటి తయారుచేసి ఇంట్లో చూపించుకుంటాడు. సీతో అడుగున ఏం జరుగుతోందో తెలుస్తుంది. కానీ ఒక షరతు, సీ అంటే జీసీసీయే, లైనక్స్ మీదే. టర్బో సీకి ఈ వేసవిలోనే ఘనంగా వీడ్కోలు చెప్పండి. టర్బో సీ అలవాటు చేసిన క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ ఆదేశాలు లేకపోతే ప్రోగ్రామ్ కాదనుకునే పిల్లల్ని ఇంకెన్నాళ్లు తయారుచేస్తాం? లైనక్స్‌కి డబ్బు అక్కర్లేదు, పాత సిస్టమ్స్ మీద కూడా నడుస్తుంది. వద్దనేది లెక్చరర్లే, కొత్తగా నేర్చుకోవాలి కదా.

గళ్లు కావాలంటే కొన్ని పీకేయాలి. 'కంప్యూటర్ ఫండమెంటల్స్' పేపర్ మొత్తం తీసేయండి. మొదటి తరం వాక్యూమ్ ట్యూబులు, రెండో తరం ట్రాన్సిస్టర్లు, ఇంపాక్ట్ ప్రింటర్ల రకాలు, పది మార్కుల ప్రశ్న. ఎవరికి కావాలి? వర్డ్, ఎక్సెల్ నేర్పాలంటే స్కిల్ కోర్సుల్లో నేర్పండి, మేజర్ గడి వాటికి ఇవ్వకండి. వెబ్ డిజైనింగ్ కూడా అంతే. డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, అల్గారిథమ్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, వీటి మీద బేరం లేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌ను విడి థియరీ పేపర్‌గా పెడితే వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ గీయడమే మిగులుతుంది. ప్రాజెక్ట్‌లో కలిపేయండి. మెషీన్ లెర్నింగ్ ఆరో సెమిస్టర్‌లో హాయిగా వస్తుంది, బాణాలన్నీ అప్పటికి పూర్తవుతాయి.

ఇంతవరకూ కాగితం మీది సంగతి. మీరు ఎంత మంచి సిలబస్ రాసినా పిల్లలు చదివేది సిలబస్ కాదు, పాత ప్రశ్నపత్రాలు. ఐదు యూనిట్లు, ఒక్కో యూనిట్‌లో 'ఇదైనా అదైనా', ఐదేళ్ల పేపర్లు తిరగేస్తే 25 ఇంపార్టెంట్ ప్రశ్నలు. జిరాక్స్ షాపులో గైడు. లింక్డ్ లిస్ట్ గురించి నాలుగు పేజీలు రాసినవాడికి లింక్డ్ లిస్ట్ రాయడం రాకపోవడం మనందరం చూసిందే. అటానమస్ వల్ల వచ్చిన అసలు హక్కు సిలబస్ రాసుకోవడం కన్నా ప్రశ్నపత్రం రాసుకోవడం. చాలా కాలేజీలు ఆ హక్కును వాడనే వాడవు.

అందుకని ప్రతి పేపర్ సిలబస్‌తో పాటు ఒక నమూనా ప్రశ్నపత్రం కూడా బోర్డుకి పెట్టండి. "స్టాక్ అనగానేమి, ఉదాహరణతో వివరించుము" అని అడగకండి. పదిహేను లైన్ల ప్రోగ్రామ్ ఇచ్చి, 'దీనికి ఈ ఇన్‌పుట్ ఇస్తే ఏమొస్తుంది, ఎక్కడ తప్పు జరుగుతోంది, ఒక్క లైను మార్చి సరిచేయండి' అని అడగండి. బట్టీ పట్టడానికి వీలుండదు, దిద్దడమూ తేలిక.

ల్యాబ్ పరీక్ష ఇంకా మారాలి. ఇప్పుడేం జరుగుతోంది? పిల్లవాడు డిప్ తీస్తాడు, ఆ ప్రోగ్రామ్ రికార్డులో ఉన్నదే, గుర్తున్నది రాస్తాడు, రాకపోతే ఎక్స్‌టర్నల్ గారు టీకి వెళ్లినప్పుడు పక్కవాడు సాయం చేస్తాడు. రికార్డు మాత్రం సీనియర్ రికార్డు చూసి రాసింది, పైగా అవుట్‌పుట్ పెన్సిల్‌తో గీసింది. దీనికితోడు ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది. నిషేధించి ఉపయోగం లేదు, ఫోను జేబులోనే ఉంటుంది. రికార్డుకి మార్కులు నామమాత్రం చేయండి. పిల్లవాడు సెమిస్టర్ పొడుగునా రాసిన ప్రోగ్రామ్ గిట్‌లో (ప్రోగ్రామ్‌లో చేసిన ప్రతి మార్పునూ భద్రపరిచే సాధనం) పెట్టించండి. ఏ రోజు ఎంత రాశాడో, ఏది తీసేసి మళ్లీ రాశాడో అక్కడ కనపడుతుంది. పరీక్ష రోజు వాడి ప్రోగ్రామే వాడి ముందు తెరిచి, ఒక లైను చూపించి "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడగండి. ఎవరు రాసిచ్చినా సరే, వాడికి అర్థమైందా లేదా రెండు నిమిషాల్లో తేలుతుంది.

ఆ వైవా తెలుగులో జరగనివ్వండి. నేను ఇది గట్టిగా చెబుతాను. ఒకసారి ఒక అమ్మాయిని పాయింటర్ అంటే ఏమిటని ఇంగ్లిష్‌లో అడిగితే నోరు మెదపలేదు. తెలుగులో అడిగాను. "ఇల్లు కాదు సార్, ఇంటి అడ్రస్ రాసుకున్న చీటీ. చీటీ చింపేస్తే ఇల్లు పోదు, కానీ ఆ ఇంటికి ఎలా వెళ్లాలో తెలీదు" అంది. ఆమెకు తెలియకుండానే మెమరీ లీక్ (చేరే దారి పోయి వృథాగా మిగిలిపోయే మెమరీ) చెప్పేసింది. ఇంగ్లిష్ రావాలి, ఉద్యోగానికి కావాలి, దానికి వేరే క్రెడిట్లున్నాయి. పాయింటర్ వైవా ఇంగ్లిష్ పరీక్ష కాదు.

మీటింగ్ గురించి కొంచెం. బోర్డులో బయటి సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌లు, యూనివర్సిటీ నామినీ, ఇండస్ట్రీ నుంచి ఒకరు, మీ పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. మామూలుగా అయితే పదకొండింటికి వస్తారు, సమోసా, టీ, ఫొటో, సంతకాలు, ఒంటిగంటకు భోజనం. మీరు డ్రాఫ్ట్ పది రోజుల ముందే పంపండి. ఊరికే 'అభిప్రాయం చెప్పండి' అనకండి, ఒక్కొక్కరికీ ఒక ప్రశ్న ఇవ్వండి. ఇండస్ట్రీ ఆయన్ని "ఏ టెక్నాలజీ పెట్టాలి" అని అడిగితే వాళ్ల కంపెనీలో ఈ ఏడాది వాడుతున్నది చెబుతారు. అలా కాకుండా "కొత్తగా చేరిన పిల్లలు మొదటి మూడు నెలల్లో ఎక్కడ ఇరుక్కుంటున్నారు" అని అడగండి. పూర్వ విద్యార్థి అంటే అమెరికాలో ఉన్నవాడినే పిలవాలని లేదు. మీ ఊళ్లోనే ఇంటర్వ్యూల్లో నాలుగుసార్లు పోయి ఐదోసారి ఉద్యోగం తెచ్చుకున్నవాడు ఉంటాడు. వాడు చెప్పేది రాసుకోండి.

నాక్ (కాలేజీల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) కోసం కోర్సు అవుట్‌కమ్‌ల పట్టికలు, వాటికి ఒకటి, రెండు, మూడు అంకెల మ్యాపింగ్ అడుగుతారు. నింపండి. మీరు ముందు రాసుకున్న ఆ 'చేసి చూపించాలి' జాబితానే అక్కడ పెడితే సరిపోతుంది, విడిగా కష్టపడనక్కర్లేదు.

నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి ఇది కూడా. నెల రోజుల్లో నాలుగేళ్ల సిలబస్ మొత్తం రాయాల్సిన పని లేదు. 20 గళ్ల చార్టు, పేపర్ల పేర్లు, క్రెడిట్లు, బాణాలు, ఇది మొత్తం నాలుగేళ్లకీ ఇప్పుడు ఆమోదం తీసుకోండి. యూనిట్ల వారీగా వివరంగా మొదటి ఏడాది ఐదారు పేపర్లే రాయండి. రెండో ఏడాది వివరాలు వచ్చే వేసవి బోర్డు మీటింగ్‌కి. నాలుగో ఏడాది యూనిట్లు ఇప్పుడే రాస్తే అవి పిల్లల దగ్గరికి వెళ్లేసరికి ఎలాగూ పాతబడతాయి.

ఐదుగురూ పేపర్లు పంచుకున్నాక, మీ సీనియర్ గారికి నమూనా ప్రశ్నపత్రాల పని అప్పగించండి. ఆయనకు పాత పేపర్లన్నీ కంఠతా ఉండి ఉంటాయి, ఏ ప్రశ్న మళ్లీ అడగకూడదో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. డ్రాఫ్ట్ తయారయ్యాక నాకు ఒక కాపీ పంపితే చూసి చెబుతాను. పంపేముందు ప్రతి పేజీ పైన ఏ కాలేజీ పేరు ఉందో ఒక్కసారి చూసుకోండి. ముఖ్యంగా 14వ పేజీ.